పోర్టు పక్కనే ఉంటే నా బెల్లం చెన్నై ఎందుకు వెళ్లాలి?

అనకాపల్లి_దిమ్మ

అందరికీ నమస్కారం అండీ. మాది అనకాపల్లి. తాతగారి కాలం నుంచి బెల్లం మార్కెట్‌లో కమిషన్ వ్యాపారం. రైతు దగ్గర దిమ్మలు దింపించుకోవడం, వేలం వేయించడం, ఒడిశా, బెంగాల్ వైపు లారీలకు ఎత్తించడం, ఇదే మా ఇంటి పని. నేను ఈమధ్య బెల్లం పొడి చేయించి ప్యాకింగ్ మొదలుపెట్టాను. దుబాయ్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారికి శాంపిల్ నచ్చింది. ముందు ఒక 20 అడుగుల కంటైనర్ పంపమన్నారు. ఎగుమతికి కావాల్సిన ఐఈసీ కోడ్, అపెడా రిజిస్ట్రేషన్, ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహార లైసెన్సు, కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

ఓడలో సరుకు పంపే ఏర్పాట్లు చేసే ఏజెంటు, అంటే ఫార్వర్డర్‌ని అడిగితే, సరుకు లారీలో చెన్నై పంపండి, అక్కడ కంటైనర్‌లోకి ఎక్కిద్దాం అన్నారు. నాకు అర్థం కాలేదు. మా గోడౌన్ నుంచి విశాఖ పోర్టు గంటన్నర ప్రయాణం కూడా లేదు. చెన్నై అంటే ఏడు వందల కిలోమీటర్లు దాటాలి. ఎందుకు అని అడిగితే "విశాఖలో సర్వీసు తక్కువ" అని ఒక్క మాటతో సరిపెట్టారు.

చిన్నప్పుడు స్కూల్లో విశాఖ సహజమైన రేవు, డాల్ఫిన్స్ నోస్ కొండ కాపలా, దేశంలోని పెద్ద పోర్టుల్లో ఒకటి అని చదువుకున్నాం. ఇప్పుడు ఇంటి ముందు ఆరు వరుసల హైవే కూడా వచ్చింది. ఇన్ని ఉన్నా నాలాంటి చిన్న వ్యాపారికి దగ్గరి పోర్టు ఎందుకు పనికిరాదు? ఫార్వర్డర్ తన వీలు చూసుకుంటున్నాడా, నిజంగా కారణం ఉందా? ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పగలరా? మొదటి ఆర్డర్ కదా, చాలా టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్_ట్రైలర్

తమ్ముడూ, నాకు గాజువాక ఆటోనగర్‌లో రెండు ట్రైలర్లు ఉన్నాయి. రోడ్డు సంగతి నేను చెబుతాను, ఓడల సంగతి వేరేవాళ్లు చెబుతారు.

చెన్నై పంపడం ఒకప్పటంత కష్టం కాదు. జీఎస్టీ రాకముందు తడ చెక్‌పోస్టు దగ్గర కాగితాల కోసం లారీలు బారులు తీరి ఉండేవి. ఇటు ఇచ్ఛాపురం దగ్గరా అంతే. 2017లో చెక్‌పోస్టులు ఎత్తేశారు, మరుసటి ఏడాది ఈ-వే బిల్లు వచ్చింది, 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. బండి ఆగకుండా పోతోంది. కానీ ఏడు వందల కిలోమీటర్ల డీజిల్, టోల్ మాత్రం ఎవరో ఒకరు కట్టాలి కదా. పైగా చెన్నై నుంచి నా బండికి తిరుగు లోడు దొరకాలి. దొరక్కపోతే ఆ ఖాళీ ప్రయాణం ఖర్చు కూడా నీ కిరాయిలోనే వేస్తాను, వేయక తప్పదు.

విశాఖలో అయితే దూరం కాదు, చివరి పదిహేను కిలోమీటర్లే మాకు కష్టం. అనకాపల్లి నుంచి షీలానగర్ దాకా ఎంతసేపో ముందే చెప్పగలను. అక్కడి నుంచి కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు రోడ్డు ఎక్కాక, లోపల గేటు దగ్గర క్యూ ఎంత ఉందో ఆ రోజు వెళ్లాకే తెలుస్తుంది. ఖాళీ బాక్సు, అంటే కంటైనర్, ఒక యార్డులో తీసుకోవాలి, నీ గోడౌన్‌కి తేవాలి, నింపాక పోర్టుకి తీసుకెళ్లాలి. ఒకే రోజులో అయిపోతే నాకు మిగులుతుంది. రెండో రోజుకి పడితే మిగలదు. నువ్వు కంటైనర్‌ని గోడౌన్‌కి రప్పించుకుంటే, లోడింగ్‌కి మనుషుల్ని పొద్దున్నే సిద్ధంగా ఉంచు.

వన్‌టౌన్_సుభద్ర

బాబూ, మీ ఫార్వర్డర్ చెప్పినదాంట్లో నిజం ఉంది. కాకపోతే ఆయన తనకు అలవాటైన దారి చెప్పారు, మీకున్న దారులన్నీ చెప్పలేదు. పాతపోస్టాఫీసు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులోనే నా ఉద్యోగమంతా గడిచింది. కార్బన్ పేపర్లు పెట్టి షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం, టైపు కొట్టిన రోజుల నుంచి కస్టమ్స్ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ ఐస్‌గేట్‌లో ఫైలు చేసే రోజుల దాకా చూశాను. కొంచెం పొడుగ్గానే చెబుతాను.

ముందు మ్యాపు తెరవండి. దుబాయ్ మనకు పడమర, మన రేవు తూర్పు తీరంలో. మధ్యలో శ్రీలంక అడ్డం. రామసేతు దగ్గర సముద్రం లోతు లేదు, ఓడలు అటు పోలేవు. 2005లో సేతుసముద్రం కాలువ పని మొదలుపెట్టారు గానీ మధ్యలోనే ఆగిపోయింది. కాబట్టి సరుకు విశాఖలో ఎక్కినా చెన్నైలో ఎక్కినా లంక చుట్టూ తిరగాల్సిందే. ఆ మలుపులోనే, ప్రపంచంలోని తూర్పు పడమర ఓడల దారికి ఆనుకుని కొలంబో ఉంది. విశాఖ నుంచి గల్ఫ్‌కి వెళ్లే బాక్సు సాధారణంగా చిన్న ఓడలో, అంటే ఫీడర్‌లో, కొలంబో దాకా వెళ్లి అక్కడ పెద్ద ఓడలోకి మారుతుంది. మన దేశం తాలూకు ఇలాంటి ఓడ మారే కంటైనర్లలో దాదాపు 75 శాతం కొలంబో, సింగపూర్, పోర్ట్ క్లాంగ్ లాంటి పరాయి రేవుల్లోనే మారుతున్నాయని ప్రభుత్వమే చెబుతూ వచ్చింది. కేరళలో విళింజం పోర్టు కట్టింది ఈ లోటు తీర్చడానికే. 2025 మే 2న ప్రధాని దాన్ని ప్రారంభించారు. అది పూర్తిగా ఊపందుకోవాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. రెండు చోట్ల నుంచీ లంక చుట్టూ తిరగాల్సిందే అయితే చెన్నై ఎందుకు మెరుగు? లోతు వల్ల మాత్రం కాదు. మన కంటైనర్ టెర్మినల్ 2003లో మొదలైంది, అక్కడ లోతుకు ఏ లోటూ లేదు. తేడా అంతా పోర్టు వెనక ఉన్న నేలలో ఉంది. చెన్నై వెనక శ్రీపెరుంబుదూరు, ఒరగడం ఉన్నాయి. కార్ల కంపెనీలు, ఫోన్ల కంపెనీలు, టైర్లు, తోలు. విడిభాగాలు బాక్సుల్లో వస్తాయి, తయారైనవి బాక్సుల్లో పోతాయి. పైగా చెన్నై, ఎన్నూరు, కాట్టుపల్లి మూడు రేవులు పక్కపక్కనే. ఒక ఓడ తప్పిపోతే ఇంకో ఓడకు ఎక్కువ రోజులు ఆగక్కర్లేదు. మన వెనక ఏముంది? ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం, బొగ్గు, అల్యూమినా, ఎరువులు. ఇవి బాక్సుల్లో తిరిగే సరుకులు కావు, ఓడ గోతిలోకి గుట్టలుగా పోసేవి. టన్నుల లెక్కలో మనం పెద్ద పోర్టే. బాక్సుల లెక్క వేరు.

అసలు ఈ రేవు పుట్టిందే అలా. అంతకు ముందు విశాఖలోనూ భీమిలిలోనూ ఓడలు సముద్రంలో దూరంగా లంగరు వేసేవి, అలల మీద పడవల్లో సరుకు మోసేవారు. బ్రిటిష్ కాలపు మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజానికి దగ్గరి సముద్రం కావాలని బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు ఈ రేవు కోసం పట్టుపట్టారు. రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది, రెండేళ్లకు 1933 డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్డన్ పోర్టును ప్రారంభించారు. రైలు ముందు, రేవు తర్వాత. ఈ వరస గుర్తుపెట్టుకోండి. మన ఊరి గురించి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ బెర్తులు, క్రేన్ల గురించి మాట్లాడతారు. పోర్టును పోషించేది దాని వెనక నుంచి వచ్చే పట్టాలు, రోడ్లు.

ఇక మీ సమస్యకు వస్తే, ఖాళీ బాక్సు. బెల్లానికి ఫుడ్ గ్రేడ్ బాక్సు కావాలి. వాసన ఉండకూడదు, తుప్పు ఉండకూడదు, పైకప్పుకు చిల్లు ఉండకూడదు. మన రేవులో దిగే బాక్సుల్లో తుక్కు ఇనుము లాంటివి వచ్చినవి చాలా ఉంటాయి. వాటిలో తిండి సరుకు వేయలేం. రొయ్యలకు ఫ్రీజర్ బాక్సులు కావాలి కాబట్టి వాటిని షిప్పింగ్ లైన్లు, అంటే ఓడల కంపెనీలు, ఎక్కడి నుంచైనా ఖాళీగా తెప్పిస్తాయి, ఎందుకంటే రొయ్యలు ఏడాది పొడవునా అమెరికాకీ చైనాకీ పోతాయని వాళ్లకు తెలుసు. మీ ఒక్క బెల్లం బాక్సు కోసం అలా తెప్పించరు. మనం సరుకు ఇవ్వకపోతే ఓడ రాదు, ఓడ రాకపోతే సరుకు చెన్నై పోతుంది. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెగాలి.

అనకాపల్లి_దిమ్మ

సుభద్ర గారూ, చాలా థాంక్స్ అండీ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అయితే మీరు చెప్పినదాన్ని బట్టి చిన్నవాళ్లు చెన్నై పోవడం తప్ప మార్గం లేదన్నట్టేనా? దూరం ఎక్కువైనా అదే చవక అవుతుందా? నాకు ఇది మింగుడుపడటం లేదు.

వాల్తేరు_గూడ్స్

నేను వాల్తేరు డివిజన్‌లో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను. దూరం గురించి అడిగావు కాబట్టి రాస్తున్నాను బాబూ.

కొత్తవలస–కిరండూల్ లైను తెలుసు కదా, అరకు వెళ్లేవాళ్లు సొరంగాలు లెక్కపెట్టే లైను. ఆ సొరంగాలు పర్యాటకుల కోసం తవ్వలేదు. 1960లో జపాన్ వాళ్లతో ఇనుప ఖనిజం ఒప్పందం కుదిరింది. ఏటా ఇన్ని లక్షల టన్నులు కొంటామని వాళ్లు మాట ఇచ్చారు. ఆ మాట మీద తూర్పు కనుమల్లో 58 సొరంగాలు తొలిచి, శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు బ్రాడ్‌గేజ్ ఎక్కించారు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది కూడా ఆ ఖనిజానికి పెద్ద ఓడలు కావాలనే. సరుకు ఖాయమని తెలిస్తే కొండనైనా తొలుస్తారు.

ఆ లైను మీద రాత్రిళ్లు బ్రేక్‌వ్యాన్‌లో కూర్చున్నవాణ్ని. లోడు బండి కొండ దిగుతుంటే బోర్రా, చిమిడిపల్లి దాటేదాకా ప్రాణం బిగబట్టుకునే ఉంటుంది, అంత వాలు. దింపిన బండి మళ్లీ కొండెక్కేది ఖాళీగా. ఆ ఖాళీ ప్రయాణం ఖర్చు కూడా ఖనిజం ధరలోనే కలుస్తుంది. ట్రైలర్ అన్న చెప్పిందీ, మేడం చెప్పిందీ, ఇదీ ఒకటే లెక్క.

ఇక దూరం. నేపాల్‌కి సముద్రం లేదు. దశాబ్దాలుగా వాళ్ల సరుకు కలకత్తా, హల్దియాల్లో దిగేది. 2016లో రెండు దేశాలూ విశాఖను కూడా వాళ్ల రేవుగా ఒప్పుకున్నాయి, మరుసటి ఏడాది నుంచి ఇక్కడి నుంచి బీర్‌గంజ్‌కి కంటైనర్ రైళ్లు నడుస్తున్నాయి. కలకత్తా నుంచి బీర్‌గంజ్ సుమారు 700 కిలోమీటర్లు. మన దగ్గర నుంచి దానికి రెట్టింపు. అయినా నేపాల్ వ్యాపారులు ఇటు వస్తున్నారు. కలకత్తా హుగ్లీ నది రేవు, పూడిక వల్ల పెద్ద ఓడలు అక్కడికి రాలేవు. ఇక్కడ పెద్ద ఓడలో వస్తుంది, సీలు వేసిన బాక్సు నేరుగా రైలెక్కుతుంది, ఎక్కడుందో ట్రాకింగ్‌లో కనిపిస్తుంది. ఎక్కువ దూరం పోయినా ఫలానా రోజుకు చేరుతుందని తెలిస్తే వ్యాపారి ఆ దారే పడతాడు. నీ ఫార్వర్డర్ చెన్నై అన్నది కూడా ఆ లెక్కతోనే.

మా రైల్వే గురించి ఒక బాధ కూడా చెప్పుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకు 80 శాతానికి పైగా రైలు మీదే పోయేది. ఇప్పుడు మూడో వంతు కూడా లేదు. గూడ్స్ బండి సగటు వేగం గంటకు 25 కిలోమీటర్ల దగ్గరే ఉండిపోయింది. హౌరా–చెన్నై లైను మీద ఒకే పట్టాల పైన కోరమాండల్ పోవాలి, ప్యాసింజర్ పోవాలి, బొగ్గు పోవాలి. ఎవరికి దారి ఇస్తారు? గూడ్స్‌ని లూపులో, అంటే స్టేషన్ పక్క పట్టాల మీద, ఆపి పెడతారు. ప్రయాణికుల టికెట్ల మీద వచ్చే నష్టం పూడ్చడానికి సరుకు మీద ఎక్కువ వసూలు చేస్తారు, దాంతో సరుకు లారీ ఎక్కుతుంది. పడమటి వైపు దాద్రీ నుంచి ముంబై జేఎన్‌పీటీ దాకా 1,506 కిలోమీటర్లు సరుకుకే ప్రత్యేకంగా లైను తలపెట్టారు, చాలా భాగం నడుస్తోంది. ఉత్తరాన లుధియానా నుంచి సోన్‌నగర్ దాకా 1,337 కిలోమీటర్లు వేశారు. మన తీరానికి ఖరగ్‌పూర్–విజయవాడ సరుకు మార్గం అని 2021 బడ్జెట్‌లో ప్రకటించారు. అది పట్టాలెక్కితే విశాఖ, గంగవరం, కాకినాడ మూడింటి బతుకూ మారుతుంది. నేను బతికుండగా ఆ లైను మీద బండి నడవడం చూడాలని ఉంది.

ఆటోనగర్_ట్రైలర్

గార్డు గారూ, రైలు బాగుపడితే మా పని పోతుందని అందరూ అనుకుంటారు, నేను ఒప్పుకోను. రాయపూర్ నుంచి విశాఖకు 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రోడ్డు వేస్తున్నారు, సబ్బవరం దగ్గర దిగుతుంది. అది తెరిస్తే ఛత్తీస్‌గఢ్ బియ్యం, ఇనుము ఇటే వస్తాయి. మాకు రెండు వైపులా లోడు దొరుకుతుంది. కానీ అంత ట్రాఫిక్ సబ్బవరం నుంచి షీలానగర్ మీదుగా పోర్టులోకి ఎలా దూరుతుందో అదీ ఇప్పుడే ఆలోచించాలి. నాలుగు వందల కిలోమీటర్లు రయ్‌మని వచ్చి చివర పది కిలోమీటర్లకు పూట పడితే ఆ రోడ్డు లాభం అంతా అక్కడే పోతుంది.

వన్‌టౌన్_సుభద్ర

గార్డు గారు నేపాల్ సంగతి చెప్పి మంచి పని చేశారు. కానీ బాబూ, మీరు అప్పుడే చెన్నైకి తల వంచకండి. నేను చెప్పిన కష్టాలన్నీ నిజమే, అయినా మీ సరుకు విశాఖ నుంచి పంపడానికి వీలుంది. పని మీ ఫార్వర్డర్ చేయాలి, మీరు సరైన ప్రశ్నలు అడిగి చేయించాలి.

ఆయన్ని రెండు కొటేషన్లు అడగండి. చెన్నైది ఒకటి, విశాఖది ఒకటి. రెండూ మీ గోడౌన్ గుమ్మం నుంచి దుబాయ్ రేవు జెబెల్ అలీ దాకా ఉండాలి. సముద్రపు కిరాయి ఒక్కటే పోల్చి చూస్తే చెన్నై చవకగా కనిపిస్తుంది, మధ్యలో లారీ కిరాయి, అక్కడ దింపి మళ్లీ ఎక్కించే హమాలీ, సీఎఫ్ఎస్ (కంటైనర్లు నింపే యార్డు) ఛార్జీలు కలిపితే లెక్క మారిపోతుంది. పైగా బెల్లం పొడిని లారీ నుంచి దింపి కంటైనర్‌లో ఎక్కించడమంటే ప్రతి అట్టపెట్టె మీదా రెండు సార్లు చేయి పడుతుంది. విశాఖ అయితే ఖాళీ బాక్సును మీ గుమ్మానికే తెప్పించుకుని, మీ కళ్ల ముందు నింపి, మీరే ఈ-సీల్, అంటే ఎలక్ట్రానిక్ సీలు, వేయొచ్చు. నాకు ఇది చాలా పెద్ద తేడా.

విశాఖకు బుక్ చేస్తే షిప్పింగ్ లైను నుంచి జెబెల్ అలీ దాకా ఒకే బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, ఓడ రవాణా పత్రం) తీసుకోండి. కొలంబోలో ఓడ మారడం లైను బాధ్యత అవుతుంది. కొలంబోలో ఎన్ని రోజులు ఆగుతుందో, ఏ పెద్ద ఓడలో ఎక్కుతుందో పేరుతో సహా రాయించుకోండి. ఫీడర్ ఆలస్యమైతే పెద్ద ఓడ తప్పిపోతుంది, బాక్సు అక్కడి ఎండకూ ఉక్కకూ ఇంకో వారం కూర్చుంటుంది. రాగి, ఇనుము అయితే ఏమీ కాదు. మీది బెల్లం.

అందుకని ఇది శ్రద్ధగా వినండి. బాక్సు పగలు కాగి రాత్రి చల్లబడుతుంది. లోపలి గాలిలో తేమ పైకప్పుకు పట్టి చుక్కలుగా సరుకు మీద పడుతుంది. కార్టన్లు మెత్తబడతాయి, పొడి గడ్డకడుతుంది. బాక్సు లోపల గోడలకూ పైనా క్రాఫ్ట్ పేపర్ వేయించండి, తేమ పీల్చే డెసికెంట్ సంచులు వేలాడదీయించండి. చెక్క ప్యాలెట్లు పచ్చివి కాకుండా చూడండి, వాటిలోని నీరు కూడా బెల్లానికే చేరుతుంది. వానాకాలంలో నింపుతుంటే తలుపు వానకు తెరిచి పెట్టొద్దు. బాక్సు మీ గుమ్మానికి రాగానే మీరు లోపలికి వెళ్లి తలుపు మూయించుకుని నిలబడండి. ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే చిల్లు ఉన్నట్టు. ఆ బాక్సు వెనక్కి పంపేయండి, డ్రైవర్ ఎంత తొందర పెట్టినా సరే. ట్రైలర్ బాబు ఏమీ అనుకోరు.

నింపాక బరువు తూయించి వీజీఎం, అంటే ధ్రువీకరించిన మొత్తం బరువు, ఇవ్వాలి, 2016 జులై నుంచి అది లేకుండా ఏ ఓడా బాక్సును ఎక్కించుకోదు. గేటు కటాఫ్‌కు, అంటే పోర్టు బాక్సులు తీసుకునే ఆఖరి సమయానికి, కనీసం ఒక రోజు ముందే బాక్సు లోపల ఉండేలా చూసుకోండి. యూఏఈతో మన సీపా వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఆ ఒప్పందం కింద తీసుకుని పంపితే మీ కొనుగోలుదారుకు సుంకంలో లాభం ఉంటుందేమో ఆయన్నే కనుక్కోమనండి. అది ముందే చెప్తే మీ మీద ఆయనకు గురి కుదురుతుంది.

ఇంకో సంగతి, ఇది నేను చాలామందితో చెప్పి చూశాను. అనకాపల్లిలో మీరొక్కరే కాదు, బెల్లం పొడి చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. అరకు, పాడేరు వైపు కాఫీ, మిరియాలు, పసుపు చేసేవాళ్లు ఉన్నారు. ఎవరికి వారు ఒక్కో బాక్సుకు బేరమాడితే లైను వాళ్లు పట్టించుకోరు. నలుగురైదుగురు కలిసి, నెలకు ఇన్ని ఫుడ్ గ్రేడ్ బాక్సులు విశాఖ నుంచే పంపుతాం అని రాతపూర్వకంగా ఇస్తే, ఖాళీ బాక్సులు ఇక్కడ ఉంచడానికి వాళ్లకు కారణం దొరుకుతుంది. జపాన్ వాళ్లు టన్నుల్లో ఇచ్చిన మాట మీరు బాక్సుల్లో ఇవ్వాలి. మీ మార్కెట్ సంఘంలో ఈ మాట ఎత్తండి. కావాలంటే లెటర్ ఎలా రాయాలో నేను చెబుతాను.

అనకాపల్లి_దిమ్మ

సుభద్ర గారూ, ఫార్వర్డర్‌కి ఫోన్ చేశాను. విశాఖ కొటేషన్ కూడా తెప్పిస్తానన్నారు, గోడౌన్ నుంచి జెబెల్ అలీ దాకా ఒకే లెక్కలో అడిగాను. కొలంబోలో ఎన్ని రోజులు అని అడిగితే ఆయనే కాస్త ఆశ్చర్యపోయారు. మా వీధిలో ఇంకో ఇద్దరు పొడి చేస్తారు, ఒకరు ఒమన్‌కి పంపాలనుకుంటున్నారు. రేపు సాయంత్రం వేలం అయ్యాక ముగ్గురం కూర్చుంటున్నాం. లెటర్‌లో ఏమేం ఉండాలో మెసేజ్ పెట్టండి మేడం. ట్రైలర్ అన్నా, మీ నంబరు ప్రైవేట్‌గా పంపండి.

వన్‌టౌన్_సుభద్ర

పంపుతాను. దాంట్లో సరుకు పేరు, నెలకు ఎన్ని బాక్సులు, ఏయే రేవులకు, ఏ నెలల్లో ఎక్కువ ఏ నెలల్లో తక్కువ అన్నది రాయండి. చెరకు క్రషింగ్ సీజన్ ఎప్పుడో లైను వాళ్లకు తెలియదు, మీరే చెప్పాలి. ఇవ్వగలిగినంతే రాయండి, ఎక్కువ రాయొద్దు. మూడు బాక్సులని రాసి మూడూ ఇస్తే వచ్చే ఏడాది మీ మాట వింటారు.